ఆరు నెలల వారంటీ, అయిదేళ్ళ సర్వీసు రికార్డు: బెజవాడలో కొన్న ఒక పాత కారు

2025 జులైలో విజయవాడలోని ఒక సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణంలో అయిదు లక్షల పదివేల రూపాయలకు 2020 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొన్నాను. అప్పటికి మీటరు మీద 46 వేల కిలోమీటర్లు ఉన్నాయి. కారుతో పాటు ‘ఆరు నెలలు లేదా 7,500 కిలోమీటర్లు, ఏది ముందైతే అది’ అన్న వారంటీ పుస్తకం చేతిలో పెట్టారు. ఆ ఆరు నెలలూ ఈ జనవరితో ముగిశాయి కనుక, ఆ వారంటీ గురించీ, దుకాణం వారు చూపించిన, చూపించని సర్వీసు రికార్డుల గురించీ నిదానంగా రాయడానికి ఇప్పుడు వీలు చిక్కింది. దుకాణం పేరు రాయడం లేదు. ఇదే పుస్తకాన్ని అట్ట రంగు మార్చి మరో రెండు చోట్ల కూడా నాకు చూపించారు కాబట్టి, ఒక్కరి పేరు రాస్తే మిగిలినవారు మంచివారన్న అర్థం వస్తుంది.

ముందుగా వారికి దక్కవలసిన మెప్పు చెప్పాలి. బండిని బయటి మెకానిక్‌కు చూపించుకుంటామంటే కాదనలేదు. ఆటోనగర్ నుంచి మాకు ఎన్నాళ్ళుగానో తెలిసిన మెకానిక్‌ను తీసుకువెళ్తే, ర్యాంపు ఎక్కించి కింద కూడా చూడనిచ్చారు. చాలా చోట్ల ఆ మాట ఎత్తగానే ‘మా మీద నమ్మకం లేదా సార్’ అని ముఖం మాడ్చుకుంటారు.

మొదట చూపించిన కారు తెల్లగా మెరిసిపోతూ ఉంది, ధర కూడా బజారు కంటే నలభై వేలు తక్కువ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడిన తరువాత, విజయవాడలో పాత కారు కొనేవారెవరైనా మొదట అడగవలసింది ఆ రోజుల్లో ఈ బండి ఎక్కడుందన్నదే. నీళ్ళలో రోజుల తరబడి నానిన కార్లను బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద తీసుకుని వేలం వేయడం, వేలంలో కొన్నవారు వాటిని బాగుచేయించి మళ్ళీ బజారులో పెట్టడం కొత్త సంగతి కాదు. నేను అడిగితే సేల్స్ కుర్రవాడు ‘ఇది బెంజి సర్కిల్ బండి సార్, వరద వచ్చిన సింగ్‌నగర్ మొహం కూడా చూడలేదు’ అన్నాడు. ఒకప్పుడు నంబరులో ఏపీ 16 ఉంటే కృష్ణా, ఏపీ 07 ఉంటే గుంటూరు అని పోల్చుకునేవాళ్ళం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి జిల్లా చెప్పడం కుదరడం లేదు, సీ బుక్కులో రిజిస్టరు చేసిన ఆఫీసు చూసుకోవాలి. అది చూసినా ఆ బండి వరద రోజుల్లో ఏ వీధిలో నిలబడి ఉందో ఏ కాగితమూ చెప్పదు.

మా మెకానిక్ ఈ మాటలేవీ పట్టించుకోలేదు. డ్రైవరు పక్క సీటు బెల్టును చివరిదాకా లాగాడు. రోజూ బయట కనబడే భాగం శుభ్రంగానే ఉంది కానీ, చుట్టలో లోపలే ఉండిపోయే చివరి జానెడు మేర టీ డికాషన్ రంగులో అడ్డంగా ఒక చార ఉంది. తరువాత డిక్కీలో స్టెప్నీ పైకి తీసి, ఆ గుంటలో మూలగా వేలు పెట్టి రాశాడు. వేలికి సన్నటి ఒండ్రు అంటింది. ‘సీట్లు ఉతుకుతారు, కార్పెట్ మారుస్తారు బాబాయ్, బెల్టు చుట్ట విప్పి ఎవడూ ఉతకడు’ అన్నాడు. అప్పుడు ఆ కారు సర్వీసు వివరాల కాగితం మళ్ళీ తిరగేశాను. 2024 జులై వరకు ఆరేడు నెలలకొకసారి క్రమంగా షోరూమ్‌కు వెళ్ళిన బండి, ఆ తరువాత ఏడాది పాటు ఎక్కడా సర్వీసు చేయించుకోలేదు. కాగితం మీద రాసి ఉన్న వాటికంటే ఆ ఖాళీయే ఎక్కువ చెప్పింది. రెండో కారు సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 2022 డిసెంబరు జాబ్ కార్డులో (సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా చేసిన పని వివరాలు రాసే కాగితం అది) 61,340 కిలోమీటర్లు ఉన్న బండి 2025 జులైలో మీటరు మీద 43 వేలు చూపిస్తోంది.

మూడో కారు నచ్చింది. దాని సర్వీసు రికార్డు అడిగితే ‘ఫుల్ షోరూమ్ సర్వీస్’ అని టైపు చేసిన ఒక్క పేజీ ఇచ్చారు. అందులో తేదీలు, కిలోమీటర్లు తప్ప ఏ సర్వీసులో ఏం చేశారో ఒక్క ముక్క లేదు. అసలు జాబ్ కార్డులు కావాలంటే సిస్టమ్ పనిచేయడం లేదన్నారు. కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళి చాసిస్ నంబరు చెప్తే, ఓనరు అనుమతి లేకుండా వివరాలు ఇవ్వలేమన్నారు, అది సబబే. పదివేలు అడ్వాన్సు కట్టిన తరువాతే, అదీ రెండు రోజులు తిప్పించుకుని, మొదటి ఓనరు ఫోను నంబరు ఇచ్చారు.

ఆయన తెనాలిలో ఉండే రిటైర్డు లెక్చరరు. నేను సంగతి చెప్పగానే, ‘కారు అమ్మేటప్పుడు కాగితాలన్నీ ఇస్తానంటే అక్కర్లేదన్నారు బాబూ వాళ్ళు. పారెయ్యబుద్ధి కాక ఇంట్లోనే ఉంచాను’ అన్నారు. మర్నాడే తెనాలి వెళ్ళాను. పాలిథిన్ కవరులో తేదీల వరుసలో పెట్టిన పదకొండు జాబ్ కార్డులు, రెండు బీమా పాలసీలు, టైర్లు మార్చిన బిల్లు, బండి కొన్న రోజు షోరూమ్ వారు ఇచ్చిన డెలివరీ కాగితం ఉన్నాయి. కాఫీ తాగుతూ ఆ కవరు విప్పి చూసిన గంటలో, దుకాణంలో రెండు రోజులు తిరిగినా తెలియనంత ఆ కారు గురించి తెలిసింది.

జాబ్ కార్డులో చివర ఉన్న మొత్తం చూసి ఊరుకుంటారు చాలామంది. చూడవలసింది పైన, బండి లోపలికి వచ్చేటప్పుడు ఓనరు చెప్పిన ఫిర్యాదులు రాసుకునే గడి. ‘ఎడమవైపు లాగుతోంది’, ‘ఏసీ వేస్తే వణుకుతోంది’ లాంటివి అక్కడే ఉంటాయి. అదే ఫిర్యాదు మూడు కార్డుల్లో వరుసగా కనబడితే ఆ జబ్బు తగ్గలేదన్నమాట. ఆ తరువాత మార్చిన పార్టులు చూడాలి. ఈ కారుకు 2023 మార్చిలో బీమా కింద ముందు బంపరు, ఎడమ హెడ్‌లైటు మార్చారు. ఎయిర్‌బ్యాగుల ప్రస్తావన లేదు, చాసిస్ మీద పని లేదు, కాబట్టి అది చిన్న దెబ్బే. బ్రేకు ఆయిల్, కూలెంట్ వేళకు మార్చారు. 2023 జూన్‌లో ఒకసారి, 2024 ఆగస్టులో మరోసారి కొత్త బ్యాటరీ వేశారు. ఆ రెండు వరుసలు చదివి నేను అనుకున్నది ఏమిటంటే, బ్యాటరీ కొత్తది, నాకు నాలుగైదు వేలు మిగిలినట్టే అని. ఆ వివేకానికి తగిన ఫలితం తరువాత దక్కింది.

సర్వీసు రికార్డుతో తెలిసే ఇంకో విషయం రీకాల్. ఇది వారంటీ లాంటిది కాదు. తయారీలో లోపం ఉందని కంపెనీయే ఒప్పుకుని వెనక్కి పిలిచిన బండికి, ఓనర్లు ఎందరు మారినా ఆ పార్టు ఉచితంగానే మారుస్తారు. ఉదాహరణకు, మారుతీ సుజుకి 2024 మార్చిలో 11,851 బాలెనో కార్లనూ 4,190 వ్యాగనార్ కార్లనూ ఫ్యూయల్ పంపు మోటారు కోసం వెనక్కి పిలిచింది. అవి 2019 జులై 30కీ నవంబరు 1కీ మధ్య తయారైనవి. ఈ రోజు పాత కార్ల దుకాణాల్లో నిలబడి ఉన్నవి సరిగ్గా ఆ వయసు బండ్లే. మొదటి ఓనరు పిలుపు అందుకుని వెళ్ళాడో లేదో కొనేవాడికి తెలియదు. కంపెనీ వెబ్‌సైటులో చాసిస్ నంబరు కొట్టి చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. దుకాణంలో ఈ సంగతి అడిగితే, రీకాల్ అంటే కారు వెనక్కి ఇచ్చెయ్యడమా అని నన్నే ఎదురు ప్రశ్న వేశారు.

ఇక వారంటీ పుస్తకం. కారు ధర కాక దీనికి ఎనిమిది వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 9,440 రూపాయలు కట్టాను. పన్నెండు పేజీల పుస్తకంలో ఏమిస్తారో చెప్పేది ఒకటిన్నర పేజీ మాత్రమే. ఇంజను లోపలి భాగాలు, గేరుబాక్సు లోపలి భాగాలు, స్టార్టరు, ఆల్టర్నేటరు, మన భాషలో చెప్పాలంటే సెల్ఫూ డైనమోనూ. క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు, రబ్బరు గొట్టాలు, బ్యాటరీ, టైర్లు, ఏసీ గ్యాసు దేనికీ వారంటీ లేదు. అరుగుదల సామానుకు ఎవరూ ఇవ్వరు కనుక దానికి నొచ్చుకోనక్కర్లేదు. నొచ్చుకోవలసినవి రెండు. వారంటీ ఇస్తున్నది దుకాణం కాదు, వేరే రాష్ట్రంలో ఆఫీసు ఉన్న మరో సంస్థ అని ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. బండి అమ్మినవాడికీ బాగుచేయించవలసినవాడికీ మధ్య గోడ అక్కడే కట్టేశారు. రెండోది, ఏడో పేజీలో ‘కొనుగోలుకు ముందే ఉన్న లోపాలు వర్తించవు’ అన్న వాక్యం. ముందే ఉన్నదని తేల్చేది ఎవరో, దేన్నిబట్టో ఎక్కడా రాయలేదు. పాత కారులో వచ్చే ఏ లోపాన్నయినా ముందే ఉన్నదని అనవచ్చు.

నవంబరులో ఒక రాత్రి గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దాటుతుండగా డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది. కొద్దిసేపటికి హెడ్‌లైట్లు మసకబారాయి, మంగళగిరి దగ్గర బండి ఆగిపోయింది. పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోను చేస్తే, తమ అనుమతి లేకుండా ఎక్కడా విప్పించవద్దనీ, తాము చెప్పిన వర్క్‌షాపుకే చేర్చమనీ అన్నారు. చేర్చాను. తొమ్మిది రోజులు అక్కడే ఉంచుకుని, డైనమో పోయిందని నిర్ధారించి, క్లెయిము తిరస్కరిస్తున్నట్టు మెయిలు పంపారు. కారణం: పదునాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చినట్టు సర్వీసు రికార్డులో ఉంది కనుక ఛార్జింగు లోపం అమ్మకానికి ముందే ఉన్నట్టు తెలుస్తోంది. దానికి తోడు, విప్పి చూసినందుకు 1,200 రూపాయల బిల్లు.

నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు. నేను కొనేటప్పుడు సిస్టమ్ పనిచేయక దొరకని సర్వీసు రికార్డు, నాకు డబ్బు ఇవ్వవలసి వచ్చేసరికి పూర్తి వివరాలతో వారి చేతిలో ఉంది. అందులో వారు చదివినది సరైనదే, అదే నేను తెనాలిలో కాఫీ తాగుతూ చదవలేకపోయినది. బ్యాటరీ మంచిదైతే మూడు, నాలుగేళ్ళు వస్తుంది. ఏడాదికే పోయిందంటే దాన్ని నింపవలసిన డైనమోను అనుమానించాలి. ఇంజను నడుస్తూ, ఏసీ, లైట్లు వేసి ఉన్నప్పుడు బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే ఇంచుమించు పదునాలుగు వోల్టులు చూపించాలి. రెండు వందల రూపాయల పరికరంతో అర నిమిషంలో తేలే సంగతి అది. నేను అడగలేదు, మా మెకానిక్ బండి కింద చూడడంలో మునిగిపోయి ఆ సంగతి మరిచాడు.

అయితే వారు మరిచిపోయిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. అమ్మేటప్పుడు ఇచ్చిన తనిఖీ రిపోర్టులో ‘ఛార్జింగ్ సిస్టమ్’ అన్న వరుస ఎదురుగా పచ్చటి టిక్కు ఉంది, కింద దుకాణం ముద్ర ఉంది. లోపం ముందే ఉంటే ఆ టిక్కు అబద్ధం, టిక్కు నిజమైతే లోపం తరువాత వచ్చింది, రెండూ ఒకేసారి నిజం కావడం కుదరదని మెయిలు రాశాను. జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించిన నాలుగో రోజున దుకాణం మేనేజరు స్వయంగా ఫోను చేశాడు. ఈ లోపల బండి లేక పని జరగక, ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర డైనమో విప్పించి రెగ్యులేటరు, కార్బన్ బ్రషులు, బేరింగు మార్పించుకున్నాను, 4,600 అయింది. అందులో సగమూ, విప్పినందుకు తీసుకున్న 1,200లూ కలిపి 3,500 తిరిగి ఇచ్చారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఇంకా వచ్చేదేమో కానీ, 2,300 రూపాయల కోసం వాయిదాలకు తిరిగే ఓపిక నాకు లేదు. అలాంటి ఓపిక లేని వాళ్ళను లెక్కలోకి తీసుకుని మరీ ఆ ఏడో పేజీ రాసి ఉంటారు.

ఇలాంటి పుస్తకానికీ తయారీ కంపెనీ వారంటీకీ పోలిక లేదు. కంపెనీ వారంటీ చాసిస్ నంబరుకు అంటుకుని ఉంటుంది, ఓనరు మారినా మిగిలిన కాలం బండితో పాటే వస్తుంది. షరతల్లా వేళ తప్పకుండా షెడ్యూలు ప్రకారం సర్వీసు జరిగి ఉండడం, బయట గ్యాస్ కిట్టు లాంటివి బిగించి ఉండకపోవడం. ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే అదనంగా డబ్బు కట్టి పొడిగించుకున్నది అయితే కొత్త ఓనరు పేరు మీదకు మార్పించుకోవాలి. అంటే అక్కడ కూడా వారంటీకి ప్రాణం సర్వీసు రికార్డులోనే ఉంది. మారుతీ 2024 జులైలో తన మామూలు వారంటీని రెండేళ్ళు, 40 వేల కిలోమీటర్ల నుంచి మూడేళ్ళు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఆ తరువాత అమ్ముడైన బండ్లు పాత కార్ల బజారుకు వచ్చేకొద్దీ, ఒకటి రెండేళ్ళ కంపెనీ వారంటీ మిగిలి ఉన్న కార్లు ఎక్కువే దొరుకుతాయి. నా బండికి అయిదేళ్ళ ఎక్స్‌టెండెడ్ వారంటీ నేను కొనడానికి రెండు నెలల ముందే తీరిపోయింది. ఇరవై వేలు ఎక్కువ పెట్టి ఏడాది చిన్న బండి తీసుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కంపెనీలే నడిపే పాత కార్ల దుకాణాలు మరో దారి. మారుతీ వారి ట్రూ వాల్యూలో 376 అంశాల తనిఖీ, అర్హత ఉన్న బండ్లకు ఏడాది వరకు వారంటీ, మూడు ఉచిత సర్వీసులు ఇస్తామంటారు. ధర ఎక్కువే, కానీ అమ్మేదీ బాగుచేసేదీ ఒకే వ్యవస్థ కావడం వల్ల మధ్యలో గోడ ఉండదు.

కాగితాల పని మాత్రం ఈ దుకాణం చక్కగా చేసింది. పేరు మార్పుకు పెట్టే 29, 30 నంబరు ఫారాలు, లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, సీ బుక్కులో లోను కొట్టేయించే 35 నంబరు ఫారం అన్నీ వారే సిద్ధం చేశారు, నెల తిరగకుండా సీ బుక్కు నా పేరు మీదకు వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. అడిగితే అదీ చూపించారు. జీఎస్టీ దగ్గర మాత్రం కుర్రవాడు మొత్తం ధర మీద 18 శాతం పడుతుందని ఒక రాయి వేసి చూశాడు. 2025 జనవరి నుంచి డీలర్లు కట్టవలసిన 18 శాతం, వారు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీదే. అది చెప్పగానే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బీమా పాలసీ పేరు మార్పుకు పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు మాత్రం మనకు రాదు, అది ఆయనదే, ఆయన కొత్త కారుకు పోతుంది. దీంతో ప్రీమియం తేడా కట్టవలసి వచ్చింది, ఈ సంగతి ధర మాట్లాడేటప్పుడే అడిగి ఉండవలసింది.

కారు ఇప్పుడు బాగానే ఉంది. 51 వేలు దాటింది, డైనమో మళ్ళీ తలనొప్పి పెట్టలేదు. మాస్టారి కవరును నేనూ అలాగే కొనసాగిస్తున్నాను. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ చేత కూడా చిన్న చీటీ మీద తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను రాయించుకుని పన్నెండో జాబ్ కార్డుగా అందులో పెట్టాను. దానికేం అవసరం బాబాయ్ అని ఆయన నవ్వాడు కానీ రాసిచ్చాడు.

పోయిన వారం దుకాణం నుంచి ఫోను వచ్చింది. వారంటీ ముగిసింది కనుక, 9,500 కడితే మరో ఏడాదికి పొడిగిస్తారట, కొత్త పుస్తకంలో కవరేజీ చాలా పెంచారట. సంతోషం, ఏడో పేజీ ఒక్కటి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. అట్ట ఫోటో పంపారు.